కెర్ ప్రయోగానికి ఏ ద్రవం, ఏ పద్ధతి? నైట్రోబెంజీన్ ఆర్డర్ పెట్టే ముందు చూడాల్సినవి

కెర్ ఎఫెక్ట్ మీద ప్రాజెక్ట్ తీసుకున్న ఎమ్మెస్సీ విద్యార్థి ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "సార్, నైట్రోబెంజీన్ ఎక్కడ దొరుకుతుంది?" టెక్స్ట్‌బుక్‌లో పట్టిక చూస్తారు, అందులో అన్నిటికంటే పెద్ద అంకె నైట్రోబెంజీన్‌ది, ఇక దాని వెంట పడతారు. నన్నడిగితే ద్రవం సంగతి రెండోది. వెలుతురులో వచ్చే మార్పుని దేనితో, ఎలా చదవబోతున్నారో ముందు తేల్చుకోండి. అది సరిగ్గా కుదిరితే పట్టికలో అడుగున ఉన్న ద్రవంతో కూడా మంచి రీడింగ్ వస్తుంది. కుదరకపోతే నైట్రోబెంజీన్ తెచ్చినా స్క్రీన్ మీద వెలుగు చుక్క మిణుకుమనడం తప్ప చేతికి అంకె రాదు.

విషయం టూకీగా. 1875లో గ్లాస్గోలో జాన్ కెర్ అనే ఆయన ముందు గాజులో, తరవాత ద్రవాల్లో గమనించిన సంగతి ఇది: బలమైన విద్యుత్ క్షేత్రం పెడితే ద్రవం స్ఫటికంలా ప్రవర్తిస్తుంది. క్షేత్రం దిశలో ధ్రువణమైన (అంటే ఆ దిశలోనే ఊగే) కాంతికి ఒక వక్రీభవన గుణకం, దానికి అడ్డంగా ధ్రువణమైన కాంతికి ఇంకొకటి. ఈ రెంటి తేడా క్షేత్రం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వోల్టేజి ప్లస్ మైనస్‌లు తారుమారు చేసినా ఫలితం మారదు. మామూలు ద్రవంలో అన్ని దిశలూ సమానమే కాబట్టి స్ఫటికాల్లో కనిపించే పాకెల్స్ ఎఫెక్ట్, అంటే క్షేత్రంతో నేరుగా పెరిగే మార్పు, ఇక్కడ ఉండదు. తేడాని కాంతి తరంగదైర్ఘ్యంతోనూ, క్షేత్రం వర్గంతోనూ భాగిస్తే వచ్చేదే కెర్ స్థిరాంకం.

పట్టికలోని అంకెలు ఎంత దూరదూరంగా ఉంటాయో చూడండి. 20 డిగ్రీల దగ్గర, సోడియం పసుపు కాంతికి, మీటర్/వోల్ట్² యూనిట్లలో బెంజీన్‌ది దాదాపు 6.7×10⁻¹⁵. కార్బన్ డైసల్ఫైడ్‌ది 3.6×10⁻¹⁴, నీటిది 5.2×10⁻¹⁴, నైట్రోటోలీన్‌ది 1.4×10⁻¹². నైట్రోబెంజీన్‌కి కొన్ని పుస్తకాల్లో 2.4×10⁻¹², మరికొన్నిటిలో 4.4×10⁻¹² కనిపిస్తుంది. రెండూ పేరున్న పుస్తకాలే. తరంగదైర్ఘ్యం, ఉష్ణోగ్రత, ద్రవం శుద్ధి మూడూ ఈ విలువని కదుపుతాయి కాబట్టి, మీ రీడింగ్ పుస్తకంలోని అంకెతో అచ్చుగుద్దినట్టు కలవలేదని టెన్షన్ పడకండి. క్లోరోఫామ్ విలువ మైనస్‌లో ఉంటుంది, దాని సంగతి తరవాత చెబుతాను.

ఎలా చదవాలి: క్రాస్డ్ పోలరైజర్లా, క్వార్టర్ వేవ్ ప్లేటా?

ఎక్కువ లాబ్ మాన్యువల్స్‌లో ఉండేది మొదటి పద్ధతి. రెండు పోలరైజర్లు (ఒక్క దిశలో ఊగే కాంతినే వదిలే పలకలు) ఒకదానికొకటి అడ్డంగా, మధ్యలో కెర్ సెల్ (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ద్రవం నింపిన పాత్ర), క్షేత్రం వాటికి 45 డిగ్రీల్లో. వోల్టేజి లేనప్పుడు చీకటి, ఇచ్చినప్పుడు వెలుతురు. చూడ్డానికి బాగుంటుంది, అర్థం చేసుకోవడం సులువు, వచ్చే పోయేవాళ్లకి చూపించడానికి ఇంతకంటే మంచిది లేదు.

అంకె కావాలంటే మాత్రం ఇబ్బంది. ఒక లెక్క వేద్దాం. ఎలక్ట్రోడ్ల మధ్య 2 మి.మీ., పొడవు 2 సెం.మీ., వోల్టేజి 5 కిలోవోల్టులు. నైట్రోబెంజీన్ అయితే (చిన్న అంకె 2.4×10⁻¹² తీసుకున్నా) రెండు ధ్రువణాల మధ్య ఫేజ్ తేడా దాదాపు 108 డిగ్రీలు. ఆదర్శంగా చూస్తే పడిన కాంతిలో 65 శాతం బయటికి వస్తుంది. అదే సెల్‌లో కార్బన్ డైసల్ఫైడ్ పోస్తే ఫేజ్ తేడా 1.6 డిగ్రీలు, బయటికి వచ్చేది పదివేలలో రెండు వంతులు. సాధారణ పోలరాయిడ్ షీట్ల జత వోల్టేజి లేకుండానే అంతకు తగ్గని కాంతిని వదిలేస్తుంది. అంటే మీరు కొలవాల్సిన సిగ్నల్ లీకేజీలోనే మునిగిపోయింది. పోలరాయిడ్ల బదులు గ్లాన్-థాంప్సన్ అనే స్ఫటిక ప్రిజమ్‌లు వాడితే లీకేజీ లక్షలో ఒక వంతు దాకా తగ్గుతుంది గానీ, సెల్ కిటికీ గాజుని కాస్త బిగించి ఉంటే ఆ ఒత్తిడికి గాజే ద్వివక్రీభవనం (రెండు దిశలకి రెండు వక్రీభవన గుణకాలు) చూపిస్తుంది. స్క్రూ అర చుట్టు తిప్పితే డార్క్ రీడింగ్ మారిపోతుంది. ప్రిజమ్‌ల మీద పెట్టిన డబ్బంతా ఆ ఓ-రింగ్ దగ్గర పోతుంది.

ఈ పద్ధతిలో అసలు లోపం ఇంకోటుంది. ఫేజ్ తేడా చిన్నదైనప్పుడు బయటికి వచ్చే కాంతి ఆ తేడా వర్గానికి, అంటే వోల్టేజి నాలుగో ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. చిన్నదాన్ని వర్గం చేస్తే ఇంకా చిన్నదవుతుంది కదా. పైగా ప్లస్సో మైనస్సో తెలీదు. క్లోరోఫామ్, కార్బన్ డైసల్ఫైడ్ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

రెండో పద్ధతి ఇది: సెల్ తరవాత ఒక క్వార్టర్ వేవ్ ప్లేట్ (రెండు ధ్రువణాల మధ్య పావు తరంగం తేడా కలిపే పలక) పెట్టండి, దాని అక్షాలు క్షేత్రంతో కలిసేలా. ఇప్పుడు వోల్టేజి లేనప్పుడే సగం కాంతి వస్తుంటుంది. క్షేత్రం ఇవ్వగానే ఆ సగం కాస్త పెరుగుతుంది లేదా తగ్గుతుంది, అదీ ఫేజ్ తేడాకి నేరుగా అనుపాతంలో. పెరుగుదలా తగ్గుదలా అన్నదే స్థిరాంకం గుర్తు చెప్పేస్తుంది. ప్లేటుని ఏ వైపు తిప్పి పెడితే ఏది ప్లస్సో ఒక తెలిసిన ద్రవంతో ముందే రాసిపెట్టుకోవాలి.

దీనికి స్థిర వోల్టేజికి బదులు ఏసీ జోడిస్తే పద్ధతి పూర్తవుతుంది. ఎఫెక్ట్ వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మీరిచ్చే ఫ్రీక్వెన్సీకి రెట్టింపులో కాంతి ఊగుతుంది. ఇదెంత మేలంటే, హైవోల్టేజి తీగల నుంచి ఫోటోడయోడ్‌లోకి చొరబడే గోల ఎక్కువగా అసలు ఫ్రీక్వెన్సీలోనే ఉంటుంది, మీ సిగ్నలేమో రెట్టింపులో. లాక్-ఇన్ యాంప్లిఫయర్‌ని (ఒకే ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ని గోలలోంచి ఏరి చదివే పరికరం) రెట్టింపు మీద పెడితే గోల పక్కకి పోతుంది. పాత సెల్‌నే కొంచెం పొడుగు చేద్దాం: 10 సెం.మీ. ఎలక్ట్రోడ్లు, 2 మి.మీ. గ్యాప్, 2 కిలోవోల్టుల పీక్. కార్బన్ డైసల్ఫైడ్‌కి ఊగిసలాట సగటు కాంతిలో 1.1 శాతం, బెంజీన్‌కి 0.2 శాతం. ఇందాక 5 కిలోవోల్టులతో కనపడనిది 2 కిలోవోల్టులతో కనపడుతోంది. క్రాస్డ్ పోలరైజర్ పద్ధతికి వోల్టేజి పెంచుకుంటూ పోవడం, నిప్పురవ్వలు చూసి భయపడడం తప్ప దారి లేదు.

లాక్-ఇన్ కొనాలంటే లక్షల్లో మాట, అన్ని కాలేజీల్లోనూ ఉండదు. అదే పెద్ద అడ్డంకి అనుకోకండి. ఫోటోడయోడ్ సిగ్నల్‌నీ, రిఫరెన్స్‌నీ సౌండ్ కార్డ్ ద్వారా కంప్యూటర్‌లోకి తీసుకుని, రెట్టింపు ఫ్రీక్వెన్సీ సైన్, కొసైన్‌లతో గుణించి సగటు తీసే పైథాన్ కోడ్ ఒక పేజీ దాటదు. ఢిల్లీ ఐయూఏసీ (ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్) వాళ్ల ఎక్స్‌పైస్ అనే, కంప్యూటర్‌కి తగిలించే కొలతల కిట్ ఉన్నా పని మొదలుపెట్టొచ్చు. సగటు కాంతిని మాత్రం విడిగా మీటర్‌తో చదవండి. సౌండ్ కార్డ్ డీసీని లోపలికి రానివ్వదు.

ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడంలో ఒక చిక్కుంది. చేతికందింది కదా అని కరెంటు లైన్ మీద స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 50 హెర్ట్జ్‌తోనే నడిపితే కెర్ సిగ్నల్ 100 హెర్ట్జ్‌లో వస్తుంది. పాత చోక్ ట్యూబ్‌లైట్ మినుకు కూడా సరిగ్గా 100లోనే. రీడింగ్ బ్రహ్మాండంగా వస్తుంది, లేజర్ ఆపినా వస్తూనే ఉంటుంది! ఆడియో యాంప్లిఫయర్‌తో నడిపి 170 హెర్ట్జ్ లాంటి అంకె తీసుకోండి, రెట్టింపు 340 దేనితోనూ కలవదు.

సిగ్నల్ నిజమైనదేనా అని తేల్చుకోవడానికి మూడు పరీక్షలు చాలు. లేజర్‌కి చెయ్యి అడ్డం పెడితే సున్నా కావాలి. ముందు పోలరైజర్‌ని క్షేత్రం దిశకే తిప్పితే సున్నా కావాలి. వోల్టేజి సగం చేస్తే సిగ్నల్ నాలుగో వంతుకి పడాలి. ఒకవేళ అసలు ఫ్రీక్వెన్సీలోనూ, చెయ్యి అడ్డం పెడితే పోయే సిగ్నల్ వస్తోందంటే మీ ఏసీ మీద ఎక్కడో డీసీ కూర్చుని ఉందన్నమాట.

ఇక ద్రవం

నైట్రోబెంజీన్ గొప్పతనం ఊరికే రాలేదు. దాని అణువులో డైపోల్ (ఒక కొసన ప్లస్, ఇంకో కొసన మైనస్ ఆవేశం) చాలా బలమైనది, పైగా కాంతికి అత్యంత తేలిగ్గా లొంగే దిశా డైపోల్ దిశా ఒకటే. క్షేత్రం డైపోల్‌ని పట్టుకుని తిప్పితే అణువంతా కాంతికి అనువుగా తిరుగుతుంది. క్లోరోఫామ్‌లో ఇది తిరగబడింది: డైపోల్ ఉన్న అక్షం మీదే కాంతికి లొంగుబాటు తక్కువ, అందుకే మైనస్. ద్రవాల్లో ఈ అణు దిశల లెక్కని 1927లో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ కలిసి సిద్ధాంతంగా రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పిన మన సూరి భగవంతం గారు కూడా ఆ రామన్ బడి నుంచి వచ్చినవారే.

ఆ గొప్పతనానికి చెల్లించాల్సిన వెల కూడా పెద్దదే. నైట్రోబెంజీన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది, రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చేస్తుంది, పెదాలు నీలం తిరుగుతాయి. చేదు బాదం వాసన వస్తోందంటే ఇప్పటికే పీలుస్తున్నారని అర్థం. విద్యుత్ పరంగానూ అది మొండిదే. సీసాలోంచి తీసిన నైట్రోబెంజీన్‌లో తేమా అయాన్లూ ఉంటాయి, డైఎలక్ట్రిక్ స్థిరాంకం 35 దాకా ఉండడంతో ఏ మలినమైనా సులువుగా అయాన్లుగా విడిపోతుంది. స్థిర వోల్టేజి పెడితే కరెంటు పారుతుంది, ద్రవం వేడెక్కుతుంది, లేజర్ చుక్క చెదిరి ఈదులాడుతుంది. అయాన్లు ఎలక్ట్రోడ్ల దగ్గర పోగుపడి క్షేత్రం అన్నిచోట్లా సమానంగా లేకుండా పోతుంది, వోల్టేజిని గ్యాప్‌తో భాగించి వేసిన లెక్క తప్పుతుంది. ఆరబెట్టి, అల్యూమినా గుండా పంపి, తక్కువ పీడనంలో డిస్టిల్ చేశాకే అది మాట వింటుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ లాబ్‌లో అది చేసే వసతి ఎక్కడుంటుంది? ఇంకోటి, అది పసుపు రంగు ద్రవం, నీలం కాంతిని మింగేస్తుంది. 405 నానోమీటర్ల చవక లేజర్ దీనికి పనికిరాదు, ఎరుపు హీలియం-నియాన్‌తో పోండి.

కాబట్టి నైట్రోబెంజీన్ ఎప్పుడంటే: కంపెనీ సీల్ చేసి ఇచ్చిన సెల్ ఉన్నప్పుడు, దాన్ని విప్పకుండా వాడగలిగినప్పుడు, పెద్ద ఎఫెక్ట్ కళ్లారా చూపించాలన్నప్పుడు. 1928లో కరోలస్, మిట్టెల్‌స్టెడ్ కాంతి వేగం కొలవడానికి కెర్ సెల్‌ని షట్టర్‌గా వాడారు. అలా కాంతిని పూర్తిగా తెరవాలి, మూయాలి అంటే పెద్ద స్థిరాంకం కావాలి. స్థిరాంకం కొలవడానికి మాత్రం అంత అవసరం లేదు. నైట్రోటోలీన్‌దీ ఇదే కథ, సగం ఎఫెక్ట్‌తో.

కార్బన్ డైసల్ఫైడ్‌ని పాత పరిశోధనల్లో ప్రామాణిక ద్రవంగా వాడేవారు. కరెంటుని దాదాపు పారనివ్వదు, డైపోల్ లేదు, ప్రవర్తన శుభ్రం. అయినా విద్యార్థుల చేతికి నేను ఇవ్వను. 46 డిగ్రీలకే మరుగుతుంది, అది రామగుండంలో మే నెల మధ్యాహ్నపు ఎండ. ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత) సున్నాకి 30 డిగ్రీల కింద. దాని ఆవిరి గాలిలో తనంతట తాను అంటుకోవడానికి 100 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు, నిప్పు కూడా అక్కర్లేదు, వేడి హాట్‌ప్లేట్ చాలు. పక్కన కిలోవోల్టుల టెర్మినల్స్ పెట్టుకుని దీనితో పని చేయడం ధైర్యం కాదు.

బెంజీన్ క్యాన్సర్ కారకం, దాన్ని పక్కన పెట్టండి. దాని బదులు టోలీన్ తీసుకోవచ్చు, స్థిరాంకం అదే స్థాయిలో ఉంటుంది, లాక్-ఇన్‌కి ఆ మాత్రం చాలు. టోలీన్‌కీ మంట భయం ఉంది (ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు), కాబట్టి సెల్ నిండుగా, బుడగ లేకుండా నింపి మూత బిగించాలి, నింపడం ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి, ఆవిరి చేరే చోట టెర్మినల్ ఉండకూడదు.

మొదటిసారి సెటప్ కట్టేవాళ్లకి నా ఓటు ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌కి. ఎవరూ చెప్పరు గానీ దీనికి మించిన శిక్షణ ద్రవం లేదు. ఫ్లాష్ పాయింట్ 100 డిగ్రీలకి చాలా పైన. హైవోల్టేజికి తట్టుకోవడమే దాని పని, 2.5 మి.మీ. గ్యాప్‌లో 30 కిలోవోల్టులు ఆపాలన్నది కొత్త ఆయిల్‌కి ఉండే కనీస షరతు, మీరు పెట్టేది రెండే. స్థిరాంకం 10⁻¹⁵ స్థాయి, అంటే సిగ్నల్ సగటు కాంతిలో వెయ్యికి ఒక వంతు చుట్టుపక్కల. అది పట్టగలిగితే మీ సెటప్ పాసైనట్టే, ఆ తరవాత ఏ ద్రవం పోసినా తేలికే. పైగా ఇది ఉత్తుత్తి అభ్యాసం కాదు. ఎంఐటీలో మార్కస్ జాన్ బృందం ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో క్షేత్రం ఎక్కడెక్కడ ఎంతుందో, అయాన్లు ఎక్కడ పోగుపడ్డాయో కెర్ ఎఫెక్ట్‌తోనే చూసింది. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ వాళ్లతో కలిసి ప్రాజెక్ట్ చేయాలనుకునేవాళ్లకి ఇదొక మంచి దారి.

నీరు? అంకె చూసి మోజు పడకండి. 18 మెగాఓమ్ సెం.మీ. శుద్ధజలంలో కూడా మీటరుకి 10 లక్షల వోల్టుల స్థిర క్షేత్రం పెడితే ఘన సెంటీమీటరుకి 5.5 వాట్ల వేడి పుడుతుంది, సెకనుకి 1.3 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. నీటిని చిన్న పల్స్‌లతోనే కొలవాలి, దానికి పల్స్ జనరేటర్, వేగమైన డిటెక్టర్ కావాలి. ఆ సరంజామా ఉన్నవాళ్లు ఈ సలహా కోసం వెతకరు.

హైవోల్టేజి అసలొద్దనుకుంటే

లిక్విడ్ క్రిస్టల్ ఉంది. 5సీబీ అనేది గది ఉష్ణోగ్రతలో నెమాటిక్ దశలో, అంటే అణువులు ఒకే దిశకి బారులు తీరి, ఉండే ద్రవం. 10 మైక్రాన్ల సెల్‌లో, 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక వోల్టు లోపో అటూఇటూనో కదలిక మొదలవుతుంది. 10 వోల్టుల దాకా పెంచుకుంటూ పోతే క్రాస్డ్ పోలరైజర్ల మధ్య వెలుతురు రెండు మూడుసార్లు ఎక్కి దిగుతుంది. చూడ్డానికి అద్భుతం, ప్రమాదం లేదు. రిపోర్టులో దీన్ని కెర్ ఎఫెక్ట్ అని మాత్రం రాయకండి, వైవాలో దొరికిపోతారు. ఇక్కడ అణువులు ముందే బారులు తీరి ఉన్నాయి, క్షేత్రం ఆ బారుని మొత్తంగా వంచుతోంది. అందుకే ఒక గడప వోల్టేజి ఉంటుంది, వర్గ సూత్రం పాటించదు, స్పందనకి మిల్లీసెకన్లు పడుతుంది.

అదే 5సీబీని 35 డిగ్రీలు దాటించి మామూలు ద్రవంగా మారిస్తే అసలు కెర్ ఎఫెక్ట్ వస్తుంది, అది కూడా నైట్రోబెంజీన్‌ని మించి. ఆ దశ మారే ఉష్ణోగ్రతకి దగ్గరయ్యే కొద్దీ స్థిరాంకం ఎగబాకుతుంది. స్థిరాంకం విలోమాన్ని ఉష్ణోగ్రత మీద గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది. ఉష్ణోగ్రతని డిగ్రీలో పదో వంతుకి పట్టి ఉంచగలిగే హీటర్ మీ దగ్గరుంటే నా లెక్కలో అన్నిటికంటే మంచి ప్రాజెక్ట్ ఇదే. చిన్న సెల్‌లో చారెడు ద్రవం కూడా అక్కర్లేదు.

పీఎల్‌జెడ్‌టీ అనే పారదర్శక సిరామిక్‌తో చేసిన కిట్లు కూడా అమ్ముతారు, 1000 వోల్టుల లోపే పూర్తి చీకటి నుంచి పూర్తి వెలుతురుకి వస్తుంది. ప్రాక్టికల్ పరీక్షకి సరిపోతుంది, ద్రవం కాదు కాబట్టి మన లెక్కలోకి రాదు.

లేజర్ పల్స్‌తో క్షేత్రం ఇవ్వడం

కాంతి కూడా విద్యుత్ క్షేత్రమే కాబట్టి ఒక బలమైన లేజర్ పల్స్‌తో ద్రవాన్ని తిప్పి, ఇంకో బలహీన పల్స్‌తో చదవచ్చు. 1969లో డుగ్వే, హాన్సెన్ కార్బన్ డైసల్ఫైడ్‌తో పికోసెకన్ల షట్టర్ చేశారు. అణువులు తిరిగి సర్దుకునే వేగం తెలుస్తుంది: కార్బన్ డైసల్ఫైడ్‌కి దాదాపు 2 పికోసెకన్లు, నైట్రోబెంజీన్‌కి పదుల పికోసెకన్లు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి చోట ఫెమ్టోసెకండ్ లేజర్ దగ్గర సమయం దొరికే పీహెచ్‌డీ విద్యార్థులకి ఇది. ఇక్కడ వచ్చే అంకెని పైన చెప్పిన కెర్ స్థిరాంకంతో పోల్చకండి. కాంతి క్షేత్రం అంత వేగంగా ఊగుతుంటే డైపోల్ దాన్ని అందుకోలేదు, కాబట్టి నైట్రోబెంజీన్‌కి డైపోల్ ఇచ్చిన ఆధిక్యమంతా ఎగిరిపోతుంది. పల్స్ నిడివి మారితే జవాబు కూడా మారుతుంది. జెడ్-స్కాన్ (ద్రవాన్ని లేజర్ ఫోకస్ గుండా ముందుకీ వెనక్కీ జరిపి చదివే పద్ధతి) అయితే సెటప్ ఇంకా తేలిక గానీ, అది కొలిచేది ద్రవం లెన్స్‌లా మారడాన్ని. సెకనుకి కోట్ల పల్స్‌లు ఇచ్చే లేజర్‌తో వేడి వల్ల ఏర్పడే లెన్స్‌ని కూడా కెర్ ఎఫెక్టే అనుకుని రాసేసే ప్రమాదం ఉంది.

కట్టే ముందు

గ్యాప్ కొలతలో జాగ్రత్త. క్షేత్రం వర్గంలోకి పోతుంది కాబట్టి 2 మి.మీ.లో 0.05 మి.మీ. తప్పితే స్థిరాంకంలో 5 శాతం తప్పుతుంది. గ్యాప్‌ని కొలవలేకపోతే తెలిసిన ద్రవాన్ని, తెలియని ద్రవాన్ని అదే సెల్‌లో, అదే ఉష్ణోగ్రతలో కొలిచి నిష్పత్తి రాయండి, గ్యాప్ కొట్టుకుపోతుంది. మధ్యలో సెల్‌ని విప్పి బిగిస్తే ఆ లాభం పోతుంది, కాబట్టి నింపడానికి ఒకటి, తీయడానికి ఒకటి గొట్టాలు ముందే పెట్టించుకోండి. ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా నునుపు చేయించండి, టర్నింగ్ షాపులో ఒక గంట పని. హైవోల్టేజికి అడ్డంగా ఒక బ్లీడర్ రెసిస్టర్ (మిగిలిన ఛార్జిని మెల్లగా దించేది) శాశ్వతంగా ఉండాలి, స్విచ్ ఆపాక కూడా ఎర్తింగ్ రాడ్‌తో తాకించనిదే సెల్ ముట్టుకోకూడదు. వాడిన ద్రవాన్ని పేరు రాసిన సీసాలో కెమిస్ట్రీ విభాగం వ్యర్థాల్లోకి ఇవ్వండి, సింకులో పోయకండి.